ఈల ఒక్కటే వినమన్న మావయ్య

మొన్న మా మనవరాలి బాస్కెట్‌బాల్ ఆట చూడడానికి వెళ్ళి నలుగురిలో నవ్వులపాలయ్యాను. కొత్తగా కట్టిన హాలు, మెరిసిపోయే చెక్క నేల, పట్టపగలే వెలుగుతున్న దీపాలు. పిల్ల అటూ ఇటూ పరుగెడుతుంటే నా కన్ను ఆట మీద లేదు, ఎక్కడ పడుతుందోనని దాని మోకాళ్ళ మీదే ఉంది. ఇంతలో గోడమీది యంత్రమేదో బుయ్యిమని మోగింది. అంతే, నేను లేచి నిలబడిపోయాను. ఒళ్ళో సంచీ జారి, పిల్లకోసం తెచ్చిన బత్తాయిలు మెట్ల మీంచి దొర్లిపోయాయి. చుట్టూ ఉన్నవాళ్ళంతా హాయిగా కూర్చునే ఉన్నారు, నన్ను చూసి నవ్వుతున్నారు. మనవరాలు చెమటలు కక్కుతూ వచ్చి, "క్యా హువా అమ్మమ్మా? హాఫ్ టైమే కదా, బైఠో" అంది. దాని తెలుగు అంతే, సగం మాట ఇంటిది, సగం ఊరిది. బత్తాయిలు ఏరుకుని కూర్చున్నాను. మా చిన్నతనంలో ఈ బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో అలాంటి మోత వినబడ్డాక కూర్చుని ఉండటం అన్నది లేదు. ఆ మోత వినొద్దని పిల్లలకు నేర్పిన మనిషి ఒక్కడే, మా మావయ్య.

మావయ్య అంటే మా అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. ఇటు పట్టాలు వేసే రోజుల్లో మా తాతలు శ్రీకాకుళం వైపు నుంచి మూటాముల్లె కట్టుకుని వచ్చి ఇక్కడే పాతుకుపోయారు. తర్వాత పుట్టిన మగపిల్లలంతా ఇంజన్ల షెడ్డులోకో బండి మీదికో వెళ్ళినవాళ్ళే. మా నాన్న గూడ్సు బండికి గార్డు. మావయ్య ఒక్కడే వేరే దారి పట్టాడు. మద్రాసు వెళ్ళి డ్రిల్లు మాస్టరు చదువు చదివి, తిరిగొచ్చేటప్పుడు ఒక ఈల, తెల్ల కాన్వాసు బూట్లు, మావాళ్ళెవరూ ఎరగని ఈ ఆటా తెచ్చాడు. రైల్వే హైస్కూల్లో టెంపరరీగా డ్రిల్లు మాస్టరు ఉద్యోగం దొరికింది. పెళ్ళి కాలేదు కనుక మా క్వార్టరు వరండాలోనే ఆయన మంచమూ ట్రంకు పెట్టే. ఆయనకూ నాన్నకూ బావాబావమరుదుల సరసాలు ఒక్క పూట కూడా ఆగేవి కావు. ఆట సంగతి మొదటిసారి విన్నరోజు నాన్న అన్నం కలుపుతూ, "అడుగు లేని బుట్టలో ఎన్నేస్తే మాత్రం ఏటి నిలుస్తాదోయ్?" అన్నాడు. మావయ్య చిన్నబుచ్చుకోలేదు. "నిలిచిపోతే ఆటెలా సాగుతాది బావా?" అన్నాడు.

ఆ కోర్టు ఎలా తయారైందో చెబితే ఇప్పటి పిల్లలు నమ్మరు. స్కూలు వెనక, లోకో షెడ్డు గోడకు ఆనుకుని ముళ్ళకంపలతో నిండిన జాగా ఒకటి ఉండేది. మావయ్య హెడ్‌మాస్టరు గారి వెంటపడి అది సంపాదించాడు. ఇంజన్లలోంచి దులిపిన బొగ్గు బూడిద షెడ్డులో గుట్టలుగా పడి ఉండేది. పిల్లలు దాన్ని తట్టలతో మోసి, పరిచి, నీళ్ళు చల్లి రోలరు లాగారు. పాత పట్టాల ముక్కలు స్తంభాలయ్యాయి, విరిగిన వ్యాగను చెక్కలు బోర్డులయ్యాయి. ఇనప రింగులు షెడ్డులో కమ్మరి చేసి ఇచ్చాడు. చేతికి దొరికిన ఇనుము ఎంతుంటే అంతే వంచాడు కాబట్టి అవి ఉండాల్సినదానికంటే ఇరుకైపోయాయి. మావయ్య మొదట తల పట్టుకున్నాడు గానీ, తర్వాత ఆ ఇరుకే కలిసొచ్చింది. దాంట్లో వేయడం అలవాటైన మావాళ్ళకు బయట ఊళ్ళలో రింగు బావి అంత కనబడేదట. బయటివాళ్ళు ఇక్కడికొస్తే మాత్రం మా రింగుని తిట్టుకుంటూ పోయేవారు. వలలు అమ్మ అల్లేది. తోలు బంతికి పట్టించడానికి అమ్మ ఆముదం సీసా వారానికోసారి మాయమయ్యేది, ఎవరు తీశారని అడిగితే ఇంట్లో ఎవరికీ తెలియదు. మా అన్నయ్య జట్టుకు కెప్టెన్. వాడి మోకాళ్ళలో నాటుకుపోయిన ఆ బూడిద మచ్చలు ముసలితనం దాకా పోలేదు.

అన్నయ్యను మించిన ఆటగాడు మా వెనక లైను క్వార్టర్లలో ఉండే, ఇంజన్లో బొగ్గు వేసే ఫైర్‌మన్ గారి అబ్బాయి. ఎడంచేతివాడు, మాట తక్కువ. వాళ్ళమ్మకు ఆ ఎడంచేతి బెంగ ఒకటి ఉండేది. కొడుక్కి ఆ అలవాటు మాన్పించమని మావయ్య దగ్గరికి వచ్చి బతిమాలింది. తిండికి కుడిచెయ్యి మీరు నేర్పుకోండి, ఆటకి ఎడంచెయ్యి నాకు వదిలెయ్యండి అని మావయ్య ఆవిడతో బేరం కుదుర్చుకున్నాడు. ఆ తర్వాత ఆవిడ ఏ పండక్కి ఏం వండినా మావయ్యకు ఒక గిన్నె వచ్చేది.

మా కాలనీకి గడియారం అంటే షెడ్డు హూటరే. అది మోగితే మగవాళ్ళు డ్యూటీకి వెళ్ళేవారు, అది మోగితే ఆడవాళ్ళు పొయ్యి వెలిగించేవారు. మావయ్యకు చేతి గడియారం ఎక్కడిది? సాయంత్రం హూటరు మోగగానే ఆట ఆపడం, బంతిని రెండు చేతులతో నేలమీద పెట్టి ఇళ్ళకు పోవడం అన్నది ఆయన పెట్టిన పద్ధతే. అదే కొంప ముంచింది. మొదటి పెద్ద మాచికి రాయపూర్ వైపు నుంచి ఒక స్కూలు జట్టు మా కోర్టుకే వచ్చింది. ఆట ఆఖరికొచ్చింది, ఇద్దరూ సమానంగా ఉన్నారు, బంతి రింగు కిందనే అన్నయ్య చేతుల్లో ఉంది. సరిగ్గా అప్పుడు హూటరు మోగింది. మావాడు బుద్ధిమంతుడిలా వంగి బంతిని నేలమీద పెట్టేసి ఇంటిదారి పట్టాడు. వాడి వెనకే మిగతా నలుగురూ. ఎదుటి పిల్లలు ఒక్క క్షణం బిత్తరపోయి, ఆ బంతి తీసుకుని తాపీగా వెళ్ళి మా బుట్టలో వేసుకున్నారు. ఊరంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. నాన్న అయితే డ్యూటీకి వెళ్ళిన ప్రతి స్టేషన్లోనూ ఈ కథ చెప్పి మరీ నవ్వించాడు.

నవ్వు త్వరలోనే ఆగిపోయింది. స్కూలు కమిటీకి సెక్రటరీగా ఉన్న రైల్వే ఆఫీసరుకు ఆ జాగా మీద ఎప్పటినుంచో కన్ను. ఆఫీసర్లకు టెన్నిస్ కోర్టు వేయించుకోవాలని ఆయన ఆశ. నెల తిరక్కుండానే మావయ్యను పిలిపించి, వచ్చే ఏడాది ఆ జట్టు మీద గెలిస్తే కోర్టు ఉంటుంది, ఉద్యోగం పర్మనెంటు అవుతుంది, లేకపోతే రెండూ ఉండవని చెప్పేశాడు. మావయ్య ఆ మాట ఇంట్లో చెప్పిన పూట కంచంలో చెయ్యి పెట్టలేదు. అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. తల్లీ తండ్రీ లేని తమ్ముడు, ఈ ఉద్యోగం పోతే పిల్లనెవరిస్తారని ఆవిడకు దిగులు. నాన్న ఆ పూట ఒక్క సరసం కూడా ఆడలేదు. దాంతో నాకు నిజంగా భయం వేసింది.

ఆ ఏడాదంతా మావయ్య వేరే మనిషైపోయాడు. నవ్వడం మానేశాడు. పిల్లలను వరసగా నిలబెట్టి ఒకటే మాట చెప్పాడు. "ఈల ఒక్కటే వినండి. ఇంకేటి మోగినా మీకు చెవుల్లేవు." దానికోసం ఆయన చేయని పని లేదు. వాళ్ళు ఆడుతుంటే పట్టా ముక్క వేలాడదీసి సుత్తితో బాదేవాడు. నా చేత పళ్ళెం మోగించేవాడు. అమ్మను జంతికలు పట్టుకొచ్చి పేరుపేరునా పిలవమనేవాడు. తల తిప్పినవాడికి కోర్టు చుట్టూ పరుగు. షెడ్డు పక్కనే కనుక హూటరు మోగేది, రోజుకెన్నిసార్లో ఇంజన్లు కూసేవి. చూస్తూ చూస్తూ ఉండగానే ఆ పిల్లలు చెవిటివాళ్ళైపోయారు. అన్నయ్యకు ఇంట్లో కూడా అదే జబ్బు పట్టింది. అమ్మ నీళ్ళు తెమ్మని అరిచి అరిచి, "ఓరి, నాకూ ఒక ఈల కొనీరా తమ్ముడూ" అని విసుక్కునేది. ఎడంచేతివాడు మాత్రం నిజంగానే ఇంకేదీ వినేవాడు కాదు. బంతి చేతికొస్తే వాడి ముఖంలో ఇంకే ఆలోచనా కనబడేది కాదు.

అన్ని హూటర్లూ ఒకటి కాదన్న సంగతి అప్పుడు మాలో ఎవరికీ తట్టలేదు. పొద్దునా సాయంత్రం మోగేది ఒకే పొడుగు కూత. తెగ్గొట్టి తెగ్గొట్టి మోగి, ఆగి, మళ్ళీ మోగేది ఇంకొకటి ఉంది. అది మోగిందంటే లైన్లో ఎక్కడో బండి పడిందని అర్థం. పడినదాన్ని లేవదీసే బ్రేక్‌డౌన్ బండిలో వెళ్ళాల్సినవాళ్ళు తింటున్న కంచం వదిలి పరుగెత్తేవారు. కాలనీలో ఆడవాళ్ళు పొయ్యి మీద గిన్నె దించేసి గుమ్మంలోకొచ్చి నిలబడేవారు. ఎవరూ కూర్చునేవారు కాదు. బండి మీద వెళ్ళిన మనిషి పేరు వార్త తెలిసేదాకా ఎవరూ పైకి అనేవారు కాదు. పిల్లలు ఎక్కడున్నా తల్లి దగ్గరికి వచ్చి నిలబడాలి. ఇది ఎవరో చెప్పి పెట్టిన నియమం కాదు, మాకు ఊహ తెలిసినప్పటినుంచీ చూస్తున్నదే.

మాచి రోజు వచ్చింది. నాన్న ముందురోజు సాయంత్రం కట్నీ లైన్లో గూడ్సు మీద వెళ్ళాడు. మధ్యాహ్నానికి రావాలి, రాలేదు. గూడ్సు బండి ఆలస్యం కావడం వింత కాదు గానీ, అమ్మ గుమ్మంలోకి వెళ్ళడం, రావడం మొదలుపెట్టింది. చివరికి, ఇంట్లో కూర్చుంటే పొద్దు కదలదని నన్ను వెంటబెట్టుకుని స్కూలుకు వచ్చింది. స్కూలు వరండాలో ఒక చివర ఆడవాళ్ళం కూర్చున్నాం. కోర్టు చుట్టూ షెడ్డు జనం. ముందు కుర్చీల్లో సెక్రటరీ గారూ ఇంకా కొందరు ఆఫీసర్లూ. మావయ్య తెల్ల బూట్లకు సుద్ద పూసుకుని, గీత పక్కన కట్టేసినట్టు నిలబడ్డాడు. మెడలో ఈల ఉంది కానీ ఆవేళ అది ఊదే అధికారం ఆయనకు లేదు. రిఫరీ బయటినుంచి వచ్చిన పెద్దమనిషి.

ఆట నువ్వా నేనా అన్నట్టు సాగింది. వాళ్ళొకటి వేస్తే మేమొకటి. సాయంత్రం హూటరు మోగింది. జనమంతా అన్నయ్య వైపు చూశారు. మావాళ్ళలో ఒక్కడు కూడా తల తిప్పలేదు. అన్నయ్య బంతి ఎడంచేతివాడికి అందించాడు, వాడు దాన్ని బుట్టలో వేశాడు. అప్పుడు లేచిన చప్పట్లకు షెడ్డు గోడమీది పావురాలు ఎగిరిపోయాయి. మావయ్య పిడికిలి బిగించి తొడమీద కొట్టుకున్నాడు. మేము రెండు పాయింట్లు ముందున్నాం, ఆట ఇంక కాసేపే ఉంది. అమ్మ నా చెయ్యి పట్టుకుని, ఈసారి మీ మావయ్యకు పెళ్ళి చేసెయ్యాలి అంది.

ఆ మాట పూర్తికాకుండానే రెండో హూటరు మొదలైంది. తెగ్గొట్టి, తెగ్గొట్టి.

జనం జనమంతా లేచి నిలబడ్డారు. అమ్మ లేచింది, నేను లేచాను. సెక్రటరీ గారు టోపీ పెట్టుకుని షెడ్డు వైపు నడిచారు. ఆయన వెనక బ్రేక్‌డౌన్ వాళ్ళు పరుగు. చప్పట్లు లేవు, మాటలు లేవు, హూటరూ, బూడిద మీద పిల్లల బూట్ల చప్పుడూ, అంతే. బయటి జట్టు పిల్లలు కూడా ఏమిటీ అన్నట్టు నెమ్మదించారు. మావాళ్ళు ఆగలేదు. తండ్రులు లైన్లో ఉన్న పిల్లలు, తల్లి పక్కన నిలబడాల్సిన పిల్లలు, ఏమీ విననట్టు ఆడుతూనే ఉన్నారు. నాన్న ఇంకా లైన్లోనే ఉన్నాడని నాకు ఏడుపొస్తుంటే, అన్నయ్య బంతి కొట్టుకుంటూ నవ్వుతున్నాడు. వాడి మీద నాకు అంత అసహ్యం ముందూ వెనకా ఎప్పుడూ కలగలేదు.

ఇంతలో కంచె దగ్గరికి ఫైర్‌మన్ గారి భార్య వచ్చింది. పొయ్యి దగ్గరనుంచి అలాగే వచ్చినట్టుంది, చేతులకు పిండి ఉంది. కొడుకును పేరు పెట్టి పిలిచింది. వాడి చేతికి బంతి వచ్చింది, తల తిప్పలేదు. మళ్ళీ పిలిచింది. వాడు ఆమెకు అయిదారు అడుగుల దూరంలోంచే పరుగెత్తాడు. మావయ్య ఆవిడ వైపు చూశాడు, వాడి వైపు చూశాడు. మెడలోని ఈల తీసి నోట్లో పెట్టుకుని ఊదాడు.

అది వినగానే మావాళ్ళు అయిదుగురూ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. రిఫరీ మండిపడుతూ వచ్చాడు. ఇప్పుడు కోర్టు వదిలితే ఓడినట్టే రాయాల్సి ఉంటుందని ఇంగ్లీషులో రెండుసార్లు చెప్పాడు. రాసుకోమన్నాడు మావయ్య. అన్నయ్య ఊగిపోతున్నాడు.

"గెలిచీసినాం కదా మావయ్యా! ఎందుకాపీసినావు?"

"హూటరు వినబడలేదేటిరా నీకు?"

"నువ్వే కదా వినొద్దన్నావు."

మావయ్య వాడి భుజం మీద చెయ్యి వేసి, "తప్పు నాదే. ముందు మీ అమ్మ దగ్గరికి పో. అందరూ పొండిరా" అన్నాడు. అన్నయ్య అప్పుడు తల ఎత్తి అమ్మను చూశాడు. హూటరు ఇంకా మోగుతూనే ఉంది. అప్పుడే మొదటిసారి విన్నవాడిలా వాడు మా వైపు పరుగెత్తుకొచ్చాడు. ఎడంచేతివాడు అప్పటికే కంచె దూకి తల్లి చెయ్యి పట్టుకున్నాడు.

మా ఇంట్లో ఆ సాయంత్రం పొయ్యి వెలగలేదు. అన్నయ్య అమ్మకు ఒక పక్క, నేను ఒక పక్క గుమ్మంలో నిలబడ్డాం. మావయ్య కబురు కోసం షెడ్డుకు వెళ్ళాడు. దీపాలు పెట్టే వేళకు షెడ్డు నుంచి ఒక మనిషి వచ్చి, మా వీధిలో ఆగకుండా వెనక లైన్లోకి తిరిగాడు. ఆగనందుకు మేము సంతోషించాం. ఆ సంతోషం తలుచుకుంటే నాకు ఇవాళ కూడా సిగ్గుగా ఉంటుంది, కానీ కాలనీలో అందరూ అలాగే బతికాం. కొండల మధ్య ఘాట్ సెక్షన్లో ఇంజను పట్టా తప్పి పడిందట. ఫైర్‌మన్ గారు ఇంక రారు.

నాన్న మర్నాడు పొద్దున వచ్చాడు, గార్డు పెట్టె పట్టుకుని, గడ్డం మాసి, బూడిద కొట్టుకుపోయి. ఆయన బండిని రెండు స్టేషన్ల వెనకే ఆపేశారట, రాత్రంతా బండి చివరనుండే తన బ్రేక్ వ్యానులో నిద్రపోయాడట. అమ్మ గడపలోనే కూలబడి ఏడ్చింది. నాన్న కాళ్ళు కడుక్కోకుండానే అడిగిన మొదటి మాట, ఎవరు గెలిచారని. సంగతి విన్నాక ఆయన కోపం చూడాలి. "నేను నిద్రపోతుంటే నా కోసం ఉద్యోగం పోగొట్టుకోడానికి నీకేటి మతి పోయిందా" అని మావయ్యను పట్టుకుని దులిపేశాడు. సెక్రటరీ గారు చెప్పిన మాట తప్పలేదు. ఆ సంవత్సరాంతానికి మావయ్య ఉద్యోగం పోయింది, కోర్టు పోయింది. అక్కడ ఆఫీసర్లు టెన్నిస్ అయినా ఆడారా అంటే అదీ లేదు. యుద్ధం ముదిరి, ఆ జాగాలో బొగ్గు పోశారు.

నాన్న మాత్రం ఆ సణుగుడు వదల్లేదు, ఫైర్‌మన్ గారి భార్య మా ఇంటికి వచ్చేదాకా. ఊరికి, అన్నదమ్ముల దగ్గరికి వెళ్ళిపోతూ చెప్పి పోదామని వచ్చింది. నాన్న వరండాలో కూర్చుని ఉన్నాడు. ఆవిడ ఆయనను పలకరించలేదు, సరాసరి మావయ్య దగ్గరికి వెళ్ళింది.

"ఆ మాట సెప్పడానికి మనిషొచ్చినప్పుడు నా గుంటడు నా పక్కనున్నాడు మాస్టారూ. నేకపోతే నేనొక్కదాన్నే ఇనాలి" అంది.

ఆవిడ వెళ్ళాక నాన్న లేచి లోపలికెళ్ళి, తన కోటు జేబులోంచి సిగరెట్లు తెచ్చి మావయ్య మంచం మీద పెట్టాడు. వాళ్ళిద్దరి మధ్య అంతకు మించి క్షమాపణలు ఉండవు. తర్వాత తనకు తెలిసిన ప్రతి ఆఫీసు మెట్టూ ఎక్కి మావయ్యకు గూడ్సు ఆఫీసులో గుమాస్తా పని వేయించాడు. అమ్మ ఒక పిల్లను కూడా వెతికింది. మావయ్య మళ్ళీ ఎవరికీ ఆట నేర్పలేదు. కోర్టు పీకేసిన రోజు రింగుల్లో ఒకటి ఇంటికి తెచ్చాడు. అమ్మ దాన్ని కాస్త చూసి, నీళ్ళ కుండకు కుదురుగా పెట్టేసింది. అమ్మ తర్వాత అది నా వంటింటికి వచ్చింది, ఇప్పటికీ కుండ దాని మీదే ఉంది.

ఆట అయిపోయి ఇంటికొచ్చాక ఈ కథంతా మనవరాలికి చెప్పాను. అది కుండ పక్కకు జరిపి, రింగు తీసి, తన బంతిని దాంట్లోంచి దూర్చి చూసింది. "అచ్ఛా, ఇంత ఛోటా రింగులో వేసేవాళ్ళా!" అని ఆశ్చర్యపోయింది. కాసేపటికి మళ్ళీ, "ఫిర్ అమ్మమ్మా, ఆ మాచిలో మిగిలిన టైము? అది ఎప్పుడు ఆడారు?" అంది. ఎప్పుడూ ఆడలేదని చెప్పాను. దానికి అది అన్యాయంగా తోచింది, మూతి ముడుచుకుంది. ఆ మిగిలిన కాసేపటిలో ఒక కొడుకు వెళ్ళి తల్లి పక్కన నిలబడ్డాడు. కాలాన్ని అంతకంటే బాగా వాడుకున్నవాళ్ళను నేను ఈ వయసు దాకా చూడలేదు.